పడవ మోటారు ఎంత ఎత్తున ఉండాలి?

(పెన్షనర్ల దినోత్సవ సభలో సంఘ సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పెన్షను ప్రభుత్వం దయతలచి ఇచ్చే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని ఆ తీర్పు తేల్చింది. దాన్ని తలచుకుని ఏటా ఈ రోజున మనం కలుసుకుంటున్నాం. సాధారణంగా ఈ సభల్లో డి.ఏ. గురించి, బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ నాకంటే బాగా చెప్పగల పెద్దలు ఇప్పటికే చెప్పారు. కార్యదర్శిగారు నన్ను "నీకు తెలిసిన విషయం ఏదైనా ఒక అరగంట చెప్పవయ్యా" అన్నారు. నాకు తెలిసింది చెబుతానంటే ఏమిటని అడిగారు. పడవకు వెనకాల తగిలించే మోటారు ఎంత ఎత్తున ఉండాలో చెబుతానన్నాను. ఆయన నా ముఖం వంక కాసేపు చూసి, "సరే, కానివ్వండి" అన్నారు. వారికి నా కృతజ్ఞతలు.

ఖజానా కార్యాలయంలో బిల్లులు పాస్ చేసిన గుమాస్తాకు పడవ మోటార్లతో పనేమిటని మీకు అనిపించవచ్చు. మాది ఉప్పాడకు దగ్గరలో ఉన్న ఒక మత్స్యకారుల పల్లె. మా నాన్న తెప్ప మీద వేటకు వెళ్ళేవాడు. మా ఇంట్లో బడికి వెళ్ళి ఉద్యోగం చేసినవాణ్ణి నేనొక్కణ్ణే. మా తమ్ముడు, వాడి కొడుకు ఇప్పటికీ వేట మీదే బతుకుతున్నారు. ఈ సభలో కూడా మా వైపువాళ్ళు, పడవలున్న కుటుంబాలవాళ్ళు పది పన్నెండు మంది కనిపిస్తున్నారు. మిగిలినవారు ఓపిక పట్టి వినండి. చివరికి ఈ మాట మీ దగ్గరికే వస్తుంది.

ముందుగా ఈ మోటారు ఎక్కణ్ణుంచి వచ్చిందో రెండు ముక్కలు. నార్వేలో పుట్టి చిన్నతనంలోనే అమెరికా వెళ్ళిన ఓలే ఎవిన్‌రూడ్ అనే ఆయన మిల్వాకీ పట్నంలో 1909లో ఇలాంటి మోటార్లు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. అది ఒకటిన్నర హార్స్‌పవరుది, బరువు సుమారు 28 కిలోలు. ఆయన మోటార్లు బిగిస్తుంటే, ఉత్తరాలూ లెక్కలూ వ్యాపారమూ ఆయన భార్య బెస్ చూసుకునేదట. అంటే ఈ యంత్రం పుట్టినప్పుడే దాని పక్కన ఒక గుమాస్తా పని కూడా పుట్టిందన్నమాట. కనుక నేను దీని గురించి మాట్లాడడం మరీ అపచారం కాదనుకుంటున్నాను.

మన తీరంలో 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ వారు, ఒడ్డుకు నేరుగా ఎక్కించగల చిన్న పడవల మీద 1980లలో చాలా ప్రయోగాలు చేశారు. ఆ తర్వాత ఫైబరు పడవలు వచ్చాయి, సబ్సిడీలు వచ్చాయి, తెరచాప పోయి మోటారు వచ్చింది. తెరచాప వాడడం తాతలు నేర్పారు. మోటారు వాడడం దుకాణంవాడు పది నిమిషాల్లో చూపించి పంపేశాడు. చిక్కు అక్కడే ఉంది.

మోటారు కొనేటప్పుడు మనవాళ్ళు అడిగేవి మూడే ప్రశ్నలు. ఎంత హార్స్‌పవరు? ఎంత ధర? నూనె ఎంత తాగుతుంది? నాలుగో ప్రశ్న ఒకటుంది. అది ఎవరూ అడగరు. "దీని కాలు ఎంత పొడుగు?"

మోటారులో పైన తల ఉంటుంది, అందులో ఇంజను. దాని నుంచి కిందికి ఒక కాలు దిగుతుంది. కాలు చివర నీళ్ళలో ప్రొపెల్లరు, అంటే తిరిగే పంకా. ఆ పంకాకు సరిగ్గా పైన, అడ్డంగా, చదునుగా ఒక రేకు ఉంటుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో దాన్ని యాంటీ వెంటిలేషన్ ప్లేటు అంటారు. మెకానిక్కులు ఎక్కువగా కేవిటేషన్ ప్లేటు అంటారు. ఈ ప్రసంగం వరకు మనం దాన్ని అడ్డరేకు అనుకుందాం. ఈ అడ్డరేకు గుర్తుపెట్టుకుంటే నేను చెప్పేదాంట్లో సగం గుర్తున్నట్టే.

ఆ రేకు ఎందుకంటే, పంకా నీటిని వెనక్కి నెడుతూ పడవను ముందుకు తోస్తుంది. నెట్టేటప్పుడు రెక్కల ముందువైపు పీల్పు పుడుతుంది. పంకా నీటి పైమట్టానికి దగ్గరగా ఉంటే ఆ పీల్పుకు పైనున్న గాలి నీళ్ళలోకి దూసుకొస్తుంది. నీరు గాలికంటే సుమారు 800 రెట్లు చిక్కన. గాలి దొరికిన పంకాకు పట్టు ఉండదు. బురదలో లారీ చక్రం తిరిగినట్టు ఊరికే తిరుగుతుంది. ఇంజను గీపెడుతుంది, పడవ కదలదు. ఆ గాలి కిందికి దిగకుండా ఆపడానికే అడ్డరేకు. అది నీళ్ళలో మునిగి ఉంటేనే ఆ పని చేస్తుంది. నీటి బయట ఉన్న రేకు, సంతకం లేని చెక్కు లాంటిది. కాగితం ఉంటుంది, పని జరగదు.

పంకాతోపాటు నీళ్ళలో ఉండాల్సింది ఇంకొకటి ఉంది. ఇంజను చల్లబడడానికి సముద్రపు నీరే పైకి వెళ్ళాలి. ఆ నీరు లోపలికి పోయే చిల్లులు కాలి కింది భాగంలో ఉంటాయి. లోపల రబ్బరు రెక్కల చిన్న పంపు ఆ నీటిని తోడుతుంది. మోటారు తిరుగుతున్నంతసేపూ వెనకాల ఒక సన్నటి నీటిధార బయటికి పడుతుంటుంది చూడండి, అది లోపల నీరు తిరుగుతున్నదనడానికి సాక్ష్యం. చిల్లులు గాలి పీలిస్తే ధార ఆగుతుంది. నీరు లేకుండా తిరిగిన రబ్బరు పంపు క్షణాల్లో కాలిపోతుంది. అది పోయాక ఇంజను వేడెక్కి పట్టేస్తుంది. అందుకే మోటారును ఒడ్డున నీళ్ళు లేకుండా "ఒక్కసారి ఆడించి చూద్దాం" అనకూడదు.

మోటారు మరీ ఎత్తున ఉంటే ఇన్ని అనర్థాలు. అలాగని కిందికి దించేస్తే పోలేదా? దానికీ శిక్ష ఉంది. కాలు ఎంత లోతుకు దిగితే అంత నీటిని చీల్చుకుపోవాలి. వేగం తగ్గుతుంది, నూనె ఎక్కువ తాగుతుంది, వెనకాల నీళ్ళు పైకి చిమ్ముతాయి, తిప్పే పిడి చేతికి బరువుగా ఉంటుంది. ఒడ్డుకు వచ్చేటప్పుడు పంకా ముందుగా ఇసుకను తాకుతుంది. ఇంజను తల కూడా అలలకు దగ్గరౌతుంది. ఉప్పునీరు ఇంజనుకు ఏం చేస్తుందో మీకు చెప్పనక్కర్లేదు.

కనుక మరీ పైకి ఉంటే ప్రాణానికి ముప్పు, మరీ కిందికి ఉంటే జేబుకు చిల్లు. ఈ రెంటి మధ్యా ఉన్న తేడా రెండు మూడు వేళ్ళ మందమే.

మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. 2018లో మా తమ్ముడి కొడుకు కొత్త మోటారు కొన్నాడు. ధర లక్ష దాటింది. పే రివిజన్ బకాయిలు చేతికొచ్చి బ్యాంకులో ఉన్నాయి గనుక నేను 40 వేలు ఇచ్చాను. వాడు అమ్మకందారును అడిగింది హార్స్‌పవరు గురించి. అమ్మకందారు ఇచ్చింది తన దగ్గరున్న పొట్టికాలు మోటారు. పడవ కొలత ఆ షాపులో ఎవరూ అడగలేదు. కాగితాల మీద మోటారు నంబరు ఉంది, ధర ఉంది, గ్యారంటీ ఉంది. కాలి పొడుగు మాత్రం ఎక్కడా లేదు.

మొదటి రెండు వారాలు బాగానే ఉంది. వలలు, ఐసు, నలుగురు మనుషులు, బరువుకు పడవ వెనకభాగం కిందికి దిగి పంకా మునిగి ఉండేది. ఫిబ్రవరిలో ఒకరోజు చేపలు పడక ఖాళీగా తిరిగి వస్తుంటే కెరటం లేచింది. పడవ వెనకభాగం లేచినప్పుడల్లా మోటారు గీపెట్టింది. ధార ఆగింది. ఎవరూ గమనించలేదు. కాసేపటికి ఇంజను పట్టేసింది. ఒడ్డు కనిపించని దూరం. ఫోనుకు సిగ్నల్ లేదు.

ఆ పడవలో మా తమ్ముడు కూడా ఉన్నాడు. చిన్నప్పుడు తెప్ప మీద తిరిగినవాడు. రాత్రి గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు తోస్తుందని, మర్నాడు మధ్యాహ్నానికి సముద్రం నుంచి ఒడ్డు వైపు తిరుగుతుందని వాడికి తెలుసు. రాత్రంతా లంగరు తాడు వదిలి పడవను ఆపగలిగినంత ఆపాడు. మర్నాడు వల కప్పుకునే టార్పాలిను వెదురుబొంగుకు కట్టి తెరచాప చేశాడు. సాయంత్రం చీకటి పడకముందే ఒడ్డుకు చేరారు. మా మరదలు ఆ రాత్రీ, ఆ పగలూ ఇసుకలోంచి లేవలేదు. నన్ను చూసి, "బావగారూ, అంత డబ్బు పోసి కొన్న మోటారు కదా" అని మాత్రం అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

మెకానిక్కు వచ్చి పంపు కాలిపోయిందన్నాడు. ఎందుకు కాలిందో చెప్పలేదు. అప్పుడు నేను మావాణ్ణి అడిగాను: "దీంతోపాటు పుస్తకం ఏమైనా ఇచ్చారా?" "ఇచ్చారు పెదనాన్నా, అటకమీద ఉంది. ఇంగ్లీషులో ఉంది కదా" అన్నాడు. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. వాడు ఎనిమిదో తరగతి చదివాడు. కళ్ళజోడు పెట్టుకుని నేను ఆ పుస్తకం విప్పాను. ముప్పై ఆరేళ్ళు జీ.వో.లు చదివిన కళ్ళకు అదేమంత కష్టం కాలేదు. మోటారు బిగించే అధ్యాయంలో బొమ్మతో సహా ఉంది. పడవ వెనక పలక ఎత్తూ, మోటారు కాలూ సరిపోవాలి అని. అడ్డరేకు పడవ అడుగు మట్టానికి గానీ, దానికి ఒక అంగుళం కిందికి గానీ ఉండాలి అని.

టేపు పట్టుకుని వెళ్ళాం. వెనక పలక ఎత్తు 18 అంగుళాలు. మోటారు కాలు 15 అంగుళాలు. అడ్డరేకు ఉండాల్సినచోట లేకపోగా, అడుగు మట్టానికి మూడు అంగుళాలు పైన ఉంది. ఆ మూడు అంగుళాలే నలుగురు మనుషుల్ని ఒక రాత్రి సముద్రం మీద ఉంచాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇది కాగితం మీద రాసుకునే వాళ్ళు రాసుకోవచ్చు.

మోటారు కాళ్ళు ముఖ్యంగా మూడు పొడుగుల్లో దొరుకుతాయి. పొట్టివి 15 అంగుళాలు, పొడుగువి 20 అంగుళాలు, మరీ పొడుగువి 25 అంగుళాలు. మోటారు కొనకముందే పడవ వెనక పలకను కొలవాలి. పలక మధ్యలో, పైఅంచు నుంచి పడవ అడుగు దాకా నిట్టనిలువుగా. పలక వాలి ఉంటుంది గనుక దాని ఏటవాలు వెంట కొలిస్తే లెక్క తప్పుతుంది. పలక 15కి దగ్గరగా ఉంటే పొట్టికాలు, 20కి దగ్గరగా ఉంటే పొడుగుకాలు. మావాడి పడవలాగా మధ్యలో ఉంటే పొడుగుకాలే తీసుకోవాలి. ఎక్కువైనదాన్ని పైకి లేపవచ్చు. తక్కువైనదాన్ని దించాలంటే పలకను కోయాలి. పలక కోయడం, మళ్ళీ ఫైబరు వేసి గట్టిపరచడం పడవ కట్టే మేస్త్రీ చేయాల్సిన పని. ఇంట్లో రంపం ఉంది కదా అని మొదలుపెట్టకూడదు.

మోటారు తగిలించాక కొలత ఇలా చూడాలి. పడవను ఇసుక మీద నిటారుగా నిలబెట్టాలి. మోటారును పూర్తిగా కిందికి దించి, కాలు నిలువుగా ఉండేటట్టు వంపు పిన్ను సర్దాలి. చాలామంది వంపునూ ఎత్తునూ ఒకటే అనుకుంటారు. అవి రెండు వేర్వేరు. ముందు వంపు సరిచేసి, తర్వాతే ఎత్తు కొలవాలి. ఒక తిన్నని చెక్క బద్దను పడవ అడుక్కి ఆనించి వెనక్కి సాగేటట్టు పట్టుకోవాలి. బద్దకూ అడ్డరేకుకూ మధ్య ఎడం ఎంతో చూడాలి. రేకు బద్దకు సమంగా ఉంటే సరి. ఒక అంగుళం దాకా కిందికి ఉన్నా సరే. పైకి ఉంటే సముద్రానికి పనికిరాదు. అంతకుమించి కిందికి ఉంటే లేపాలి.

లేపడం ఎలాగంటే, చిన్న మోటార్లకు రెండు బిగింపు మరలు ఉంటాయి. మోటారు బ్రాకెట్టుకూ పలక పైఅంచుకూ మధ్య గట్టి చెక్క బద్ద పెట్టాలి. మెత్తటి చెక్క పనికిరాదు. నీరు తాగి నలిగి వదులౌతుంది. ఒకేసారి రెండు అంగుళాలు లేపకూడదు. అర అంగుళం చొప్పున లేపాలి. మరల పళ్ళేలు పూర్తిగా పలక మీదే ఆనాలి. సగం పలక మీద, సగం గాలిలో ఉంటే మోటారు ఏదో ఒకరోజు సముద్రంలో ఉంటుంది. బిగించాక పావుగంట నడిపి, మళ్ళీ ఒకసారి బిగించాలి. మోటారుకు తాడో గొలుసో కట్టి పడవకు ముడివెయ్యాలి. పెద్ద మోటార్లను బోల్టులతో బిగిస్తారు. వాటి బ్రాకెట్టులో ఒకదాని కింద ఒకటిగా బెజ్జాలుంటాయి. ఒక బెజ్జం మారిస్తే సుమారు ముప్పావు అంగుళం మారుతుంది. పలకలో ఖాళీగా మిగిలిన పాత చిల్లులను నీరు దిగకుండా పూడ్చాలి. లేకపోతే లోపలి చెక్క కుళ్ళుతుంది.

10 హార్స్‌పవరు ఫోర్‌స్ట్రోకు మోటారు సుమారు 40 కిలోలుంటుంది. ఒక్కరే ఎత్తకండి. మన వయసువాళ్ళు అసలే ఎత్తకండి. మనం టేపూ, పుస్తకమూ పట్టుకుంటే చాలు. పంకా దగ్గర చెయ్యి పెట్టేముందు ఇంజను ఆపే తాడు లాగెయ్యాలి, స్పార్కుప్లగ్గు వైరు పీకెయ్యాలి.

కొలిచి బిగించడంతో పని అయిపోదు. నీళ్ళలో పరీక్ష చెయ్యాలి. మా పడవకు పాత పొట్టికాలు మోటారు వచ్చినకాడికి అమ్మేసి, వాడిన పొడుగుకాలు మోటారు ఒకటి తెచ్చాం. 20లో 18 పోతే అడ్డరేకు రెండు అంగుళాలు కిందికి వచ్చింది. అప్పుడు నేను ఒక గీతల నోటు పుస్తకం కొని గడులు వేశాను. తేదీ, బద్ద మందం, పడవలో బరువు, పోయిన దూరం, పట్టిన సమయం, తిరిగినప్పుడు గీపెట్టిందా లేదా, ధార ఎలా ఉంది. మావాడు నవ్వాడు. "పెదనాన్నా, ఇది ట్రెజరీ కాదు" అన్నాడు. "సముద్రం కూడా ఆడిట్ చేస్తుందిరా, అభ్యంతరం రాసి చెప్పదు అంతే" అన్నాను.

ఒడ్డున రెండు గుర్తులు పెట్టుకున్నాం. ఆ గుర్తుల మధ్య దూరం వెళ్ళి, మళ్ళీ వెనక్కి రావాలి. ఒకవైపే చూస్తే గాలీ ప్రవాహమూ మోసం చేస్తాయి. రెండువైపులా పట్టిన సమయం కలిపితే అసలు లెక్క తేలుతుంది. బరువు మార్చకూడదు, పిడి తెరిచే మేర మార్చకూడదు, ఒక్క బద్ద మందమే మారాలి. బద్ద లేకుండా ఒకసారి, అర అంగుళంతో ఒకసారి, అంగుళంతో ఒకసారి, అంగుళంన్నరతో ఒకసారి నడిపాం. బద్ద మందం పెరిగినకొద్దీ సమయం తగ్గుతూ వచ్చింది. అంగుళంన్నర దగ్గర ఇంకా కాస్త వేగం వచ్చిందిగాని, పడవను గట్టిగా తిప్పినప్పుడు, కెరటం మీద ఎగిరినప్పుడు మోటారు గీపెట్టింది. ధార కూడా తెగితెగి పడింది. వెంటనే అంగుళానికి దించేశాం. ఇప్పటికీ అక్కడే ఉంది. అడ్డరేకు అడుక్కి ఒక అంగుళం కింద.

ఆ చివరి అర అంగుళం గురించి మావాడికీ నాకూ కొంచెం వాదన జరిగింది. "వేగం వస్తోంది కదా" అన్నాడు. వచ్చే వేగం మంచిరోజున నాలుగు నిమిషాలు మిగులుస్తుంది. పోయే పట్టు చెడ్డరోజున మనిషినే మిగల్చదు. గోదావరి పాయల్లోనో, కొల్లేరులోనో నీరు నిలకడగా ఉన్నచోట కాస్త పైకి ఉన్నా నడుస్తుంది. సముద్రంలో ఆడే పడవకు నియమం వేరు. సందేహం వస్తే పైకి కాదు, కిందికి. ఇంకొకటి, పరీక్ష ఖాళీ పడవతోనూ చెయ్యాలి, బరువు పడవతోనూ చెయ్యాలి. మావాళ్ళ మోటారు పట్టేసింది ఖాళీగా వస్తున్నప్పుడే అని మరవకండి.

ఈ పనికి మంచి సమయం కూడా ఉంది. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. పడవలు ఒడ్డునే ఉంటాయి. వలలు బాగుచేసుకునే ఆ రోజుల్లోనే ఒక పూట టేపు పట్టుకుని వెనక పలకను కొలుచుకోవచ్చు. ఖర్చు ఒక చెక్క బద్ద, ఒక చెంబు టీ.

వేటకు వెళ్ళేవాళ్ళు నాలుగు సంగతులు అలవాటు చేసుకోవాలి. మోటారు మొదలుపెట్టగానే ధార చూడాలి. దారిలో మధ్యమధ్య చూడాలి. గీపెడితే పిడి తగ్గించాలి, పెంచకూడదు. లైఫ్ జాకెట్టు పడవలో కాదు, ఒంటిమీద ఉండాలి. ఆపద వస్తే కోస్ట్ గార్డు నంబరు 1554. సిగ్నల్ అందే చోట అది పనిచేస్తుంది. అందని చోటికి ఒక టార్పాలిను, ఒక వెదురుబొంగు, మంచినీళ్ళు ఉంచుకోండి. తాతల విద్య పూర్తిగా మరిచిపోకండి.

మిగిలిన సభ్యులకు సంబంధించిన మాట చివరికి చెబుతానన్నాను. ఇప్పుడు చెబుతున్నాను.

మోటారు పాడైంది ఇంజను మంచిది కాక కాదు. ఆ విషయం చెప్పే పుస్తకం ఇంట్లోనే అటకమీద ఉంది. అందులో రెండు పేజీలు చదవగలిగిన మనిషి అదే కుటుంబంలో ఉన్నాడు. పుస్తకమూ మనిషీ కలుసుకోవడానికి ఒక రాత్రి సముద్రం మీద గడవాల్సి వచ్చింది. ఇది పడవ మోటారుతో ఆగే సంగతి కాదు. ఇళ్ళల్లో గ్యాసు రెగ్యులేటరు కాగితం, ఇన్వర్టరు బ్యాటరీ కాగితం, పొలం మోటారు కాగితం, పురుగుమందు డబ్బా మీది కాగితం, అన్నీ చదవకుండానే పారేస్తున్నాం. చదవగలిగినవాళ్ళం మనం. ముప్పై ఏళ్ళు రూళ్ళు చదివి, వాటికి అర్థం చెప్పి జీతం తీసుకున్నవాళ్ళం. సర్వీసు ముగిసింది గాని చదువు ముగియలేదు.

అందుకని ఈ సభ ముందు ఒక చిన్న ప్రతిపాదన పెడుతున్నాను. వచ్చే నిషేధం రోజుల్లో, మే నెలలో ఒక ఆదివారం, మనలో ఇంగ్లీషు చదవగలిగినవాళ్ళం ఐదారుగురం తీరంలోని ఒక పల్లెకు వెళ్దాం. ఎవరి మోటారు పుస్తకం వాళ్ళు తెచ్చుకుంటారు. మనం చదివి తెలుగులో చెబుదాం. టేపుతో పలకలు కొలుద్దాం. ఒక్కొక్క పడవకు పలక ఎత్తు, కాలి పొడుగు, అడ్డరేకు మట్టం, ఈ మూడూ ఒక కార్డు మీద రాసి ఇద్దాం. రేపు వాళ్ళు కొత్త మోటారు కొనబోయినప్పుడు ఆ కార్డు అమ్మకందారు బల్లమీద పెడతారు. నాలుగో ప్రశ్న ఆ కార్డే అడుగుతుంది. రవాణా ఖర్చు సంఘం భరించనక్కర్లేదు. బస్సులో మనకు ఎలాగూ వృద్ధుల రాయితీ ఉంది.

రావడానికి ఇష్టపడేవారు సభ ముగిశాక తమ పేర్లు కార్యదర్శిగారి దగ్గరున్న రిజిస్టరులో రాయవలసిందిగా కోరుతున్నాను. నా పేరు మొదటి వరుసలో నేను ఇందాకే రాసి వచ్చాను. దాని కింద గీతలు కొట్టి ఉంచాను, ఖాళీలు చాలా ఉన్నాయి.